టీ తినే జగ్గమ్మ

కోల్‌కతాలో విమానం దిగేసరికి మా అత్త కోసం చక్రాల కుర్చీ సిద్ధంగా ఉంది. ఆమె దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. మా చేతి సంచులన్నీ అందులో పెట్టించి తను ముందు నడిచింది. కుర్చీ తోసే మనిషి సంచుల్నే తోసుకుంటూ మా వెనక వచ్చాడు.

"అమ్మా, అది నీ కోసం," అన్నాడు మా ఆయన ఆనందరావు.

"నాకు రోగం గొంతులోన. కాళ్లలోన కాదు," అంది మా అత్త జగ్గమ్మ.

ఆ మాటలు కూడా సగమే వినిపించాయి. కొన్ని నెలలుగా ఆమె గొంతు గరుకు కాగితం మీద గోరు గీసినట్టు అయిపోయింది. మా ఆయన ఉద్యోగం కోసం మేముంటున్న పోర్ట్ బ్లెయిర్‌లో పరీక్షలు చేసిన డాక్టరు క్యాన్సర్ అని తేల్చి, విశాఖపట్నం వెళ్లమన్నాడు. అక్కడ ఆపరేషన్ చేసి స్వరపేటిక మొత్తం తీసేస్తారు. ప్రాణం నిలుస్తుంది, మాట ఉండదు. ఈలోగా గొంతు మీద భారం పెట్టొద్దని, వాపు పెరిగితే ఊపిరికే అడ్డమని గట్టిగా చెప్పాడు. అప్పట్నుంచీ మా ఆయన ఇంట్లో టీవీలో వార్తలు పెట్టనివ్వలేదు. పెడితే అమ్మ వాటితో వాదిస్తుందని.

విశాఖ విమానం సాయంత్రం. పెద్ద సామాను నేరుగా అక్కడే దిగుతుంది. పగలంతా మాకు కోల్‌కతాలోనే. ఎక్కడో ఒక మూల ఖాళీ కుర్చీలు చూసుకుని కాళ్లు చాపుకుందామని మా ఆయన ఆలోచన. ఏడో తరగతి చదివే మా అమ్మాయి భాను విక్టోరియా మెమోరియల్ చూపించమని విమానంలోనే పేచీ మొదలుపెట్టింది. అత్త బయటికి వెళ్లే ద్వారం దగ్గరకొచ్చాక ఆగింది.

"నాను ఖిదిర్‌పూర్ ఎల్తన్నాను. మీరొస్తే రండి."

"ఖిదిర్‌పూరా? ఊరికి ఆ చివర అమ్మా. దారిలో ఇరుక్కుంటే విమానం పోతుంది. అయినా డాక్టరు ఏమన్నాడు? మాట్లాడొద్దన్నాడు."

"మాటాడ్డానికే ఎల్తన్నాను. కోసీసినాక ఎల్తే ఏటి లాభం? సత్తెవేణితోటి ఓపాలి నా మాట నాను మాటాడతాను. ఆ తర్వాత కోసుకోండి."

"ఫోన్ చేయొచ్చుగా?"

"అది ఫోన్ ఎత్తడం మానీసి శానా కాలమయింది. నా మీద కోపమేమో. అదీ అడగాల."

మా ఆయన నా వైపు చూశాడు, నేను అడ్డు చెబుతానని. నేను సంచి భుజాన వేసుకున్నాను.

సత్యవేణి ఆమె చిన్ననాటి నేస్తం. 'నా మాట' అని ఆమె దేన్నంటోందో మా ఇంట్లో అందరికీ తెలుసు. అది ఒకే ఒక్క మాట. దాని కోసం ఆమె నలభై ఏళ్లు పోట్లాడింది.

ఆమె ఖిదిర్‌పూర్ డాక్ కార్మికుల ఇళ్ల లైన్లలో పుట్టింది. తండ్రి గవరయ్య శ్రీకాకుళం జిల్లా సముద్రపొడ్డు నుంచి వచ్చి ఓడల మీద సిగ్నల్ ఇచ్చే పనిలో చేరాడు. సరుకు ఓడ అడుగున ఉంటుంది, క్రేను నడిపేవాడు ఎక్కడో పైన ఉంటాడు. ఆ ఇనుప మోతలో ఎంత అరిచినా వినపడదు కాబట్టి ఎత్తు, దించు, ఆపు అన్నీ చేతి సైగలే. గవరయ్య ఇంటికొచ్చాక కూడా పిల్లల్తో ఆ సైగలతోనే పని చేయించేవాడట, నోరు నొప్పని. కూతుర్ని మాత్రం వీధి చివర బెంగాలీ బడిలో వేశాడు. ఇంట్లో తెలుగు, బడిలో బెంగాలీ, బజార్లో హిందీ.

బెంగాలీలో తినడానికీ తాగడానికీ ఒకటే మాట. వాళ్లు అన్నమూ తింటారు, నీళ్లూ తింటారు, సిగరెట్టూ తింటారు. ఆ లైన్లలోని తెలుగు కూడా అలాగే తయారైంది. పొద్దున్నే ఒకరినొకరు "టీ తిన్నావేటి?" అని పలకరించుకునేవారు. అందులో వింత ఉందని అక్కడ ఎవరికీ తెలియదు.

విశాఖ పోర్టులో పనిచేసే మా మామగారితో పెళ్లయి వచ్చిన మొదటి రోజున, ఎండలో వచ్చిన మామగారి తండ్రిని "నీళ్లు తింటారా మావా?" అని అడిగింది. ఇల్లంతా పడిపడి నవ్వింది. నమలమంటావా, మింగమంటావా వదినా అని ఆడబిడ్డలు వారం రోజులు వేపుకుతిన్నారు. ఇంకొకరైతే ఆ దెబ్బకి మాట మార్చుకునేవారు. ఈమె మార్చుకోలేదు. మా మామగారు పోయాక పోర్టు క్యాంటీన్‌లో టీ పోసే పనికి కుదిరి, వచ్చినవాడినల్లా "టీ తింటావా బావూ?" అనే అడిగింది. పోర్టులో ఆమెకు 'టీ తినే జగ్గమ్మ' అని పేరు పడింది. "జగ్గమ్మా, ఓ టీ తినిపించవే," అని వెక్కిరించేవారు. ఏళ్ల తరబడి అనగా అనగా వెక్కిరింత అరిగిపోయి మాట మాత్రం మిగిలింది. మా ఆయన పెద్దయ్యేనాటికి, షిఫ్టు దిగినవాళ్లు మామూలుగానే "టీ తినొద్దాం పదరా" అనుకునేవారట.

మా పెళ్లి మాటలప్పుడు మా అమ్మ జ్ఞానప్రసూన మర్యాదగానే సరిదిద్దబోయింది. "వదినగారూ, టీ తాగుతారు గానీ తినరండీ."

"మా ఇంట్లో తాగుడంటే సారాయేనమ్మా," అంది ఈమె. "మా నాన్న తాగీవోడు. ఈడి నాన్న తాగీవోడు. నాను తాగను. నాను టీ తింటాను."

మా అమ్మ మళ్లీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు.

టాక్సీలో అత్త ముందు సీట్లో కూర్చుంది. డ్రైవరు ఆమె బెంగాలీ విని, "మాషీమా, మీది ఏ దేశం?" అని అడిగాడు. పెద్దావిడని మాషీమా అనడం, ఏ ఊరని అడగడం అక్కడ అలాగే ఉంటుంది. "ఖిదిర్‌పూరేర్ మేయే," అంది, ఖిదిర్‌పూర్ పిల్లనని. అతను పక్కకి తిరిగి ఆమె నెరిసిన జుట్టు చూసి నవ్వాడు. గొంతు బాగాలేదు, మాట్లాడకండి మాషీమా, మిరియాల కషాయం తినండి అన్నాడు. ఆమె వెనక్కి తిరిగి మా ఆయన వైపు చూసింది.

"ఇన్నావేట్రా? కసాయం తినాలంట."

"అది బెంగాలీ అమ్మా."

"గొంతు తెలుగుదే కదా. దిగుద్దిలే."

మా ఆయన ఫోన్‌లో దారి చూస్తూ కూర్చున్నాడు. దారి పొడవునా ఎర్రగీతలే ఉన్నాయి. ఫ్లైఓవర్ మీద బండి నిలిచినప్పుడల్లా అతని కాలు ఊగడం మొదలయ్యేది. రేసుకోర్సు పక్కనుంచి వెళ్తుంటే తెల్లటి గోపురం దూరంగా కనిపించింది.

"మామ్మా, అదే విక్టోరియా. ఒక్క ఫొటో."

"అద్గో, ఇక్కణ్ణుంచే తీసీ. అదెక్కడికీ పోదు. నాలాగ కాదు."

జూ కూడా పక్కనే అంది భాను ఆశగా. "జంతువుల్ని సూడాలంటే మీ నాన్న మొకం సూడు. బోనులో ఉన్నట్టే కూకున్నాడు," అంది అత్త. ఆ తర్వాత దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. డ్రైవరు అద్దాలు దించాడు.

లైన్లు ఆమె చెప్పినట్టు లేవు. కొన్ని కూలగొట్టారు, మిగిలిన వాటి ముందు రేకులు అడ్డం కట్టారు. ఆమె గుర్తుపెట్టుకున్న కుళాయి స్థానంలో మొబైల్ రీచార్జి కొట్టు ఉంది. "వెనక్కి వెళ్దామా అమ్మా?" అన్నాడు మా ఆయన, కొంచెం ఆశతోనే. ఆమె కొట్టువాణ్ణి బెంగాలీలో అడిగింది. 'మిల్లు సత్యవేణి' అనగానే అతను రేకుల వెనక సందు చూపించాడు. సత్యవేణిని బడ్జ్ బడ్జ్‌లో జూట్ మిల్లు కుటుంబానికి ఇచ్చారట, ఆమె కూడా మగ్గాల మీద పనిచేసిందట. ఆ మిల్లు మూతపడ్డాక కొడుకుతో పాటు మళ్లీ ఇక్కడికే చేరింది.

తలుపు తీసింది సత్యవేణి కోడలు. ఫలానా అని చెప్పగానే ఎంతో ఆదరంగా లోపలికి పిలిచి, మంచం మీది బట్టలు పక్కకి తోసింది.

"కూకోండి అత్తా. టీ తాగుతారా?"

మా ఆయన ఆపుకోలేకపోయాడు. "విన్నావా అమ్మా? ఇక్కడ కూడా తాగుతున్నారు."

అత్త ముఖం ఒక్కసారి చిన్నబోయింది. ఇంత దూరం ఆమె దేనికి వచ్చిందో నాకప్పుడు పూర్తిగా అర్థమైంది. సత్యవేణిని చూడ్డానికి ఒక్కదానికే కాదు. తన మాట తప్పు కాదని మా అందరి ముందూ వినడానికి. ఇంకో వారం పోతే చెప్పుకోవడానికి గొంతు ఉండదు.

"ఏ ఊరమ్మా నీది?" అని అడిగింది ఆ పిల్లని.

"పలాస అత్తా."

"అదీ సంగతి," అంది, కొడుకు వైపు చూడకుండా.

లోపలి గదిలోంచి సత్యవేణి వచ్చింది. సన్నగా, నడుము వంగి ఉంది. "ఎవులే వచ్చినారు?" అని కోడల్ని అడిగింది, మా గుండెలు అదిరేంత పెద్ద గొంతుతో. అత్త "సత్తే" అంది. ఆమె వినిపించుకోలేదు. మళ్లీ అంది. సత్యవేణి మా ఆయన్ని, నన్ను, భానుని వరసగా చూస్తోంది.

"మా అత్తకి చెవులు పూర్తిగా పోయాయండి," అంది కోడలు. "మిల్లులో మగ్గాల మోతకి. ఫోన్ కూడా అందుకే ఎత్తదు."

అత్త లేచింది. మా ఆయన చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. సత్యవేణి చెవి దగ్గర నోరు పెట్టి, శక్తినంతా కూడదీసుకుని అరిచింది.

"నానే. జగ్గిని."

ఆ అరుపు సగంలో చిరిగిపోయింది. చివర గాలి తప్ప ఏమీ రాలేదు. ఆమె రొమ్ము పట్టుకుని మంచం మీద కూలబడింది. మా ఆయన నీళ్లు, నీళ్లు అంటూ గదంతా తిరిగాడు. సత్యవేణి మాత్రం ఆమె గడ్డం పట్టి ముఖం వెలుతురు వైపు తిప్పింది.

"ఓలి నీ అమ్మ కడుపు... జగ్గీ. ఏటే ఇంత ముసిల్దానివైపోనావు?"

అత్త దగ్గు మధ్యలోనే నవ్వింది. గుసగుసగా మాతో, "దానికి సెవుల్లేవు, నాకు గొంతు లేదు. మంచి సంబందం," అంది.

"మాటాడవేటే? కోపమేటి?" అని కేకేసింది సత్యవేణి.

అప్పుడు అత్త తన గొంతు చూపించి, అరచేతిని అడ్డంగా కత్తిలా గీసింది. కోసేస్తారని. సత్యవేణి అయోమయంగా చూసింది.

"బందేటే? ఏటి బందు?"

నాకు అర్థం కాలేదు. అత్తకి అయింది. ఓడల మీద ఆ సైగకి పని బంద్ అని అర్థమట. గవరయ్య కూతురికీ సత్యవేణికీ కలిపే నేర్పాడు ఆ సైగలన్నీ. చిన్నప్పుడు వీళ్లిద్దరూ ఎదురెదురు లైన్ల వసారాల్లోంచి, పెద్దవాళ్లకి తెలియకుండా వాటితోనే మాట్లాడుకునేవారు. అత్త ఒక్క నిమిషం ఆలోచించి మళ్లీ గొంతు చూపింది, కత్తిరించి తీసేస్తున్నట్టు వేళ్లు ఆడించింది, నోరు తెరిచి చేతులు ఖాళీగా తిప్పింది.

ఈసారి సత్యవేణికి అర్థమైంది. తర్వాత ఆమె కుడిచెయ్యి నిట్టనిలువుగా ఎత్తి, చూపుడువేలు పైకి పెట్టి గాలిలో గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టింది. ఎత్తు అని క్రేను వాడికి చెప్పే సైగ.

"మీ నాన్న ఏటనీవోడే? సరుకు గాల్లోన ఉండగా బందు సెప్పీవోడు మడిసి కాదనీవోడు కాదేటి? ఎత్తు. ఎత్తవే సెయ్యి."

అత్త చెయ్యి లేచింది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి వేళ్లు తిప్పుతున్నారు. మా ఆయన గోడ వైపు తిరిగి ఫోన్ చూసుకుంటున్నట్టు నిలబడ్డాడు. ఫోన్ తెర నల్లగానే ఉంది.

ఆ తర్వాత వాళ్లు ఎంతసేపు మాట్లాడుకున్నారో! సత్యవేణి అరిచేది, అత్త చేతుల్తో జవాబు చెప్పేది. ఎవరో ముక్కు పొడుగు మేస్త్రీ, ఎవరిదో పెళ్లిలో కూలిపోయిన పందిరి, ఇద్దరూ కలిసి ఎగ్గొట్టిన బడి. గుర్తుకు రాని సైగలకి కొత్తవి కల్పించుకున్నారు. భాను వాళ్ల మధ్యలో కూర్చుని ఒక్కొక్కటే నేర్చుకుంది. విక్టోరియా సంగతి మళ్లీ ఎత్తలేదు.

కోడలు మట్టి పిడతల్లో టీ తెచ్చింది. సత్యవేణి ఒక పిడత తీసుకుని, ఐదువేళ్లూ కూర్చి ముద్ద పెట్టుకున్నట్టు నోటి దగ్గర పెట్టింది. వీధి చివరిదాకా వినపడేలా అడిగింది.

"టీ తింటావేటే జగ్గీ?"

అత్త టీ అందుకోలేదు. ముందు మా ఆయన వైపు తిరిగింది. తర్వాత నా వైపు. అప్పుడు పిడత తీసుకుని, చల్లారేదాకా ఊదుకుని, గుక్క గుక్కకీ నొప్పి ముఖంలో కనపడుతున్నా, చివరి చుక్కదాకా తింది.

తిరిగి వచ్చేటప్పుడు డాక్ దగ్గర వంతెన లేవడం మొదలైంది. లోపలికి ఓడ వస్తోంది. అది దాటేదాకా బండ్లన్నీ ఆగాలి. మా ఆయన తల పట్టుకున్నాడు. "అయిపోయింది. ఈ విమానం మనది కాదు." అత్త తలుపు తీసుకుని కిందికి దిగింది. రోడ్డు రెండు ముక్కలై ఆకాశంలోకి నిలబడుతుంటే, హారన్ల మధ్య నిలబడి, చెయ్యెత్తి వేలు తిప్పింది. వంతెన పూర్తిగా లేచేదాకా తిప్పింది, అది తను చెబితేనే లేస్తున్నట్టు. పక్క లారీ డ్రైవరు ఆమెను చూసి, వంతెనని చూసి, చెయ్యెత్తి నమస్కారం పెట్టాడు.

విమానాశ్రయం చేరేసరికి తనిఖీ దగ్గర వరస పాములా వంకర్లు తిరిగి ఉంది. అత్త మా ఆయన మోచెయ్యి గిల్లింది.

"ఇప్పుడు తే ఆ కుర్చీ," అంది గుసగుసగా. "కుర్చీవోళ్లకి వరస లేదు కాదేటి?"

కుర్చీలో మహారాణిలా కూర్చుని, సంచులు ఒళ్లో పెట్టుకుని, మమ్మల్ని వెనకేసుకుని వరస పక్కనుంచి వెళ్లింది. విమానం తలుపు మూయడానికి కాస్త ముందు ఎక్కాం. మా ఆయన సీటు బెల్టు పెట్టుకుంటూ ఆమెను తిట్టబోయి, "టీ తింటావా అమ్మా?" అన్నాడు. అతని నోటి నుంచి ఆ మాట నేను వినడం అదే మొదటిసారి.

ఆమె పోయి రెండో ఏడు నడుస్తోంది. ఆపరేషన్ తర్వాత ఏడాది పైన బతికింది. కర్మ రోజున వచ్చిన బంధువుల్లో ఒకావిడ, "పాపం, చివరికి నోట మాట లేకుండా పోయింది," అంది. చుట్టూ ఉన్నవాళ్లు అవునని తలలూపారు. నేను ఊపలేదు. నా పక్కన భాను కూడా ఊపలేదు. ఆసుపత్రిలో ఏం జరిగిందో వాళ్లు చూడలేదు కాబట్టి అలా అన్నారు.

ఆపరేషన్ అయిన కొన్నాళ్లకి ముక్కులోని గొట్టం తీసి, ఇక నోటితో ద్రవాలు ఇవ్వొచ్చన్నారు. నర్సు మంచం పక్కన నిలబడి ఏం కావాలమ్మా అని అడిగింది. అత్త ఐదువేళ్లు కూర్చి నోటి దగ్గర పెట్టింది. నర్సు, "ఇప్పుడే టిఫిను పెట్టకూడదమ్మా," అంది. అత్త తల అడ్డంగా ఊపి మళ్లీ అదే సైగ చేసింది. "టీ అడుగుతోందండీ," అంది భాను.

నర్సు గోరువెచ్చని టీ తెచ్చింది. మంచి మనిషి. ఇక ముందు అవసరమవుతుందని నేర్పబోయింది. "టీ కావాలంటే ఇలా చూపించాలమ్మా," అంటూ పిడికిలి మూసి, బొటనవేలు నోటి వైపు వంచింది. "ఇది తాగడానికి. మీరు చేసేది తినడానికి."

అత్త ఆ బొటనవేలిని చూసింది. మెడ చుట్టూ కట్టు, మధ్యలో ఊపిరి తీసే రంధ్రం. మనిషి సగమైపోయింది. అయినా గ్లాసుని నెమ్మదిగా పక్క బల్ల మీదికి జరిపింది. ఐదువేళ్లూ కూర్చి నోటి దగ్గర పెట్టుకుని, నర్సు ముఖంలోకి చూస్తూ ఆగింది.

"తాగండమ్మా, చల్లారిపోతుంది."

వేళ్లు కదల్లేదు.

"అమ్మా," అన్నాడు మా ఆయన బతిమాలుతూ. ఆమె ఎడమచెయ్యి ఎత్తి, వేలు పైకి పెట్టి అతని వైపు గుండ్రంగా తిప్పింది, సరుకు ఇంకా గాల్లోనే ఉందన్నట్టు. కుడిచేతి వేళ్లు నోటి దగ్గరే ఉన్నాయి.

నర్సు మమ్మల్ని ఒకసారి చూసింది. మేమెవరమూ సాయం రాలేదు. ఆమె ట్రే కింద పెట్టి, తన ఐదువేళ్లూ కూర్చి నోటి దగ్గర పెట్టుకుంది.

"సరేనమ్మా. టీ తినండి."

అత్త గ్లాసు అందుకుంది.